గొలుసు సమాధానం చివరి తొమ్మిది మైళ్లు

కెజియమ్మ మొగుడు సమాధానం కుడి మోకాలు అరిగిపోయింది. నెల్లూరు డాక్టరు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపించి మరీ చెప్పాడు. కొత్త మోకాలు పెడదాం, పదిహేనో తేదీ పొద్దున్నే వచ్చి చేరండి, అంతవరకు నడక మానేయండి అన్నాడు. అక్కడిదాకా కెజియమ్మకు ఎవరి మీదా కోపం లేదు. ఇంటికొచ్చాక మొగుడు నోరు విప్పాడు, ఆమెకు ఒళ్లు మండింది.

"ఆపరేషనొద్దులే కెజియా. మోకాలు మారిస్తే నా అంగ కొలత మారిపోద్ది. ఇంకా తొమ్మిది మైళ్లుండాయి."

ఏ మనిషైనా ఇలాంటి మాట అంటాడా? ఈయన అంటాడు. సర్వే శాఖలో ముప్పై రెండేళ్లు చైన్‌మన్‌గా పొలాలు కొలిచిన మనిషి. అరవై ఆరు అడుగుల ఇనప గొలుసు, దానికి నూరు లంకెలు. ఆ గొలుసు భుజాన వేసుకుని తిరిగినందుకు ఇందుకూరుపేట చుట్టుపట్ల ఆయన పేరే గొలుసు సమాధానం అయిపోయింది. ఆయనకు గిట్టని మాట లోకంలో ఒక్కటే, 'సుమారు'. ఒకసారి ఒక సర్వేయరు, గట్టు దగ్గర ముళ్లకంప అడ్డమొచ్చిందని, సుమారుగా వేసేయమన్నాడు. ఈయన గొలుసు కింద పెట్టి, కంప కొట్టేదాకా కదలనన్నాడు. దాని ఫలితం వాకాడుకు బదిలీ. కెజియమ్మ ఇద్దరు చంటిపిల్లలతో, నర్సు ఉద్యోగంతో రెండేళ్లు ఒంటరిగా ఈదింది. ఆ ముళ్లకంప ఆమెకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది.

రిటైరయ్యాక ఇంటిపట్టున కుదురుగా ఉంటాడనుకుంది. నెల్లూరులో పాత పుస్తకాల అంగట్లోంచి ఆయన అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి పట్టుకొచ్చాడు. హెర్న్ అనే దొర, రెండున్నర శతాబ్దాల కిందట, కెనడా పైనున్న మంచు నేలల మీద కాలినడకన చేసిన ప్రయాణాల పుస్తకం. రాగి గనులున్నాయని విని, ఒక నది వెంబడి ఉత్తర సముద్రం దాకా నడిచాడట. మొదటిసారి దారి చూపేవాళ్లు వదిలేసిపోతే వెనక్కొచ్చాడు. రెండోసారి గాలికి కొలత పరికరం పడి పగిలితే వెనక్కొచ్చాడు. మూడోసారి సముద్రం చూశాడు. అంత దూరం పోయి వెతికితే దొరికింది రెండు కిలోలైనా లేని ఒక రాగి ముద్ద.

"ఇందుకా ఆయన అన్నేళ్లు నడిచింది?" అని అడిగింది కెజియమ్మ. అడగడమే పొరపాటైంది. దీన్ని తెలుగులో రాస్తానని కూర్చున్నాడు.

రాస్తే రాశాడు, నిఘంటువు ముందేసుకుని రాసుకోవచ్చు కదా. అలా కాదు. దొర ఏ రోజు ఎన్ని మైళ్లు నడిచాడో అన్ని మైళ్లూ తాను మైపాడు సముద్రపొడ్డు ఇసుకలో నడిచాకే ఆ రోజు సంగతి రాస్తాడు. స్వయంగా కొలవనిదాన్ని కాగితం మీద పెట్టడం దొంగ పనట. గొలుసుకు ఆయనవి ఇరవై ఆరు అంగలు. వంద అంగలకొక చింతగింజ ఎడమ జేబులోంచి కుడి జేబులోకి. దొర ఒక్కరోజులో నడిచింది ఈయనకు నాలుగైదు రోజులు పట్టేది. అలా పదకొండేళ్లు, పద్నాలుగు నోటుబుక్కులు. రొయ్యల గుంటల కాపలావాళ్లు ఈయన్ని చూసి టైము చెప్పుకునేవారు. చొక్కాలన్నిటికీ జేబులు చిరిగాయి. కుట్టింది ఎవరు? కెజియమ్మే.

గుడిలో ఇంకో తంటా. ఆయన దొర దొర అంటుంటే సంఘమంతా ఎవరో మిషనరీ అనుకుంది. ఈ నెల్లూరు సీమలో కష్టపడి నడిచిన దొరంటే మరి మిషనరీయేగా. పాస్టరు ఆండ్రూగారు ఒక ఆదివారం, మంచుదేశంలో సువార్త మోసిన ఆ దైవజనుని బట్టి దేవునికి స్తోత్రం అని కన్నీళ్లతో ప్రార్థన చేశారు. సమాధానం మధ్యలో లేచి నిలబడి, "సువార్త కాదయ్యగారూ, ఆయన పోయింది రాగి కోసం" అన్నాడు. కెజియమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

నిజానికి ఆమెకు కడుపుమంట వేరే ఉంది. ముప్పై ఏళ్లు టీకాల పెట్టె భుజాన తగిలించుకుని ఈ కోస్తా పల్లెలన్నీ ఆమె కూడా నడిచింది. ఎవరు కొలిచారు? ఎవరు రాశారు? ఒకనాడు ఆయన తన నోటుబుక్కులోంచి చదివి వినిపించాడు. మొదటి రెండుసార్లూ పని చెడింది ఆడవాళ్లను వెంట తీసుకుపోకపోబట్టే అని దొరకు దారి చూపిన పెద్దమనిషి చెప్పాడట. బరువులు మోసేదీ, చలికి బట్టలు కుట్టేదీ వాళ్లేనట.

"ఆ ఒక్క ముక్క ఆయనకైనా తెలిసింది" అని కెజియమ్మ లేచిపోయింది.

ఇప్పుడు నోటుబుక్కులో దొర తిరుగుదారిలో, తాను బయల్దేరిన కోటకు తొమ్మిది మైళ్ల దూరంలో ఆగి ఉన్నాడు. సమాధానం మోకాలు కుండంత వాచి మంచం మీద ఉన్నాడు. నడిచే వీల్లేదు, నడవకుండా రాయడు, రాయకుండా ఆస్పత్రికి రాడు. ఈ తేదీ తప్పితే డాక్టరు మళ్లీ మూడు నెలలకు గాని దొరకడు. అప్పటికి ఈ మనిషి బాత్రూమ్‌కైనా లేవగలడా అన్నది ఆమె భయం. ఆమె బతిమాలింది, తిట్టింది, అన్నం మానేసింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

పదకొండో తేదీ పొద్దున కెజియమ్మ మంచం కింది పాత గొలుసు బరబరా బయటికి లాగి వీధిలో పరిచింది. కుర్చీ వేసి మొగుణ్ని తెచ్చి కూర్చోబెట్టింది.

"నేను నడస్తా. నా అంగ కొల్చు."

ఇరుగుపొరుగు చూస్తుండగా ఆ గొలుసు పక్కన పదిసార్లు నడిచింది. పదిసార్లూ ముప్పై మూడే వచ్చాయి. సమాధానం ముఖంలోకి వారం రోజుల తర్వాత రక్తం వచ్చింది. మైలుకు రెండువేల ఆరువందల నలభై అని లెక్క కట్టి, రోజుకు మూడు మైళ్ల చొప్పున చింతగింజలు ఎంచి ఇచ్చాడు.

పన్నెండున సరిగ్గా నడిచింది. పదమూడున కాళ్లు బొబ్బలెక్కాయి, అయినా సరిగ్గా నడిచింది. పద్నాలుగున, చివరి మైల్లో, సరుగుడు తోట దగ్గర వెంకటశేషమ్మ ఎదురొచ్చింది.

"నర్సమ్మక్కా, దేవుడల్లే కనబడినావు. మనవరాలికి ఒళ్లు కాలిపోతా ఉండాది, ఒక్కసారి చూసిపో."

చెయ్యి పట్టుకుని లాగేస్తుంటే ఎన్ని అంగలో ఎవరికి గుర్తు? బిడ్డకు తడిగుడ్డ వేసి, ఆటో ఎక్కించి ఆస్పత్రికి పంపి, మళ్లీ ఇసుకలోకి వచ్చేసరికి ఏ గింజ లెక్కయిందో ఏది కాలేదో తెలియలేదు. ఎక్కడ ఆగిందో కూడా తెలియలేదు. తోచినచోట మొదలుపెట్టి మిగతాది నడిచింది.

ఇంటికొచ్చేసరికి సమాధానం నోటుబుక్కు తెరిచి, కలం మూత తీసి కూర్చున్నాడు. సరిపోయిందని ఒక్క మాట అంటే అయిపోయేది. ఆ మాట ఆమె నోటికి రాలేదు.

"మధ్యలో లెక్క పోయింది. రెండు వందల అంగలు ఎక్కువో తక్కువో" అని, ఎందుకు పోయిందో చెప్పింది.

ఆయన కలానికి మూత పెట్టేశాడు.

"అయితే ఆ మైలు మళ్లీ నడవాల."

"ఆస్పత్రిలో చేరేది రేపు పొద్దున."

"చేరేది ఆపుదాం."

కెజియమ్మ బొబ్బల కాళ్లతో అలాగే నిలబడి మాట్లాడింది.

"ఏమయ్యా, మీ దొర ఆ నది సముద్రంలో కలిసే చోటుని పటంలో యాడ చూపించినాడు? ఉన్నచోటుకి రెండు వందల మైళ్లకు పైన, ఉత్తరానికి. ఈ మాట నువ్వే నాకు పదిసార్లు చెప్పినావు. చలిలో, ఆకలితో, పగిలే పరికరాలతో ఆయన మాత్రం ఏం చేస్తాడని ఏడ్చినావు కూడా. ఆయనకి రెండు వందల మైళ్లు క్షమించినావే. నాకు రెండు వందల అంగలు క్షమించలేవా?"

సమాధానం తల దించుకున్నాడు. బొబ్బలెక్కిన ఆమె పాదాలు కనబడ్డాయి.

"ఆ బిడ్డకెట్ట ఉండాది?" అని అడిగాడు.

"తగ్గిందంట. ఫోన్ చేసినారు."

ఆమె పాదాలు కడుక్కోవడానికి పెరట్లోకి పోయింది. తిరిగి వచ్చేసరికి ఆయన ఆస్పత్రి కాగితాలు సంచిలో సర్దుకుంటున్నాడు. నోటుబుక్కు బల్ల మీద తెరిచే ఉంది. దొర కోటకు చేరాడు. దాని కింద ఆయన గుండ్రటి అక్షరాలతో ఇంకో వాక్యం ఉంది.

'చివరి తొమ్మిది మైళ్లు నడిచినది నా భార్య కెజియా, సుమారుగా.'