దుప్పటి మీద కుక్క నీడ

ముందే చెప్పేస్తున్నాను, నేను చెప్పేదాంట్లో నూటికి నలభై పాళ్లు గాలి. మా ఆవిడ సునీత డెబ్బై అంటుంది. ఆవిడ కూడా పాతికేళ్లుగా నాతో కాపురం చేస్తోంది కాబట్టి ఆ లెక్కలోనూ కొంత గాలి చేరే ఉంటుంది. అయితే నా వృత్తిలో ఒక రూలుంది. కథ ఎంత పెంచి చెప్పినా సరే, చివర ఏ ముక్క కల్పించామో ఒప్పుకోవాలి. పన్నెండేళ్ల పిల్లల చేత ఆ రూలు పాటింపజేసినవాణ్ణి, నేను తప్పించుకుంటే బాగుండదు. చివర ఒప్పుకుంటాను. అంతవరకు మీరు నమ్మండి, నమ్మకపోయినా ఊ కొట్టండి.

2023 వసంతం. మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో. అక్కణ్నుంచి అరగంట డ్రైవ్‌లో ఒక పబ్లిక్ మిడిల్ స్కూల్. ఆ బిల్డింగ్ ఎంత పొడుగంటే, ఈ చివర గుడ్ మార్నింగ్ చెప్పి నడక మొదలుపెడితే ఆ చివరికి చేరేసరికి గుడ్ ఆఫ్టర్‌నూన్ అనాలి. పద్దెనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఇతరుల తప్పులు వెతికి వెతికి, లేఆఫ్ అయ్యాక, నా తప్పులు నేనే చేసుకునే పనిలో చేరాను. దాన్ని టీచింగ్ ఆర్టిస్ట్ అంటారు. అంటే పూర్తి టీచరూ కాదు, పూర్తి ఆర్టిస్టూ కాదు. స్కూలుకి వెళ్లి పిల్లల చేత కథలు అల్లించి, వాటికి బొమ్మలు చేయించి, ఆడించేవాడు. ఒకే క్లాసుకి వారానికి రెండుసార్లు చొప్పున పది వారాలు వెళితే దాన్ని రెసిడెన్సీ అంటారు. ఆ మాట వినగానే ఆరు నెలలు ఉండటానికి వచ్చిన మా అత్తగారు తెనాలికి ఫోన్ చేసి, “అల్లుడుగారు ఇన్నాళ్లకి డాక్టరీలో చేరారమ్మా” అని చెప్పేశారు. అక్కణ్నుంచి ముగ్గురు నాకు బీపీ రీడింగులు పంపారు.

నా సరంజామా అంతా కారు ట్రంకులో పడుతుంది. ఒక తెల్ల దుప్పటి, ఒక క్లాంప్ లైటు, నల్ల అట్టలు, కత్తెరలు, బొమ్మల కాళ్లూ చేతులూ కదిలేలా బిగించే చిన్న ఇత్తడి పిన్నులు. దుప్పటి వెనక లైటు పెట్టి, మధ్యలో అట్టబొమ్మ పట్టుకుంటే అవతల కూర్చున్నవాళ్లకి నీడ కనిపిస్తుంది. బొమ్మని లైటుకి దగ్గరగా జరిపితే నీడ కొండంత అవుతుంది. దుప్పటికి ఆనిస్తే బొమ్మ ఎంతో నీడా అంతే. ఇది కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, నా స్వభావం చూసే కనిపెట్టి ఉంటాడు.

మొదటి రోజు ఆరో తరగతి పిల్లలు ఇరవై ఆరుగురికి ఒక కథ మొదలుపెట్టాను. అందరూ చేతులు కట్టుకుని, నోళ్లు మూసుకుని, కళ్లు నా మీద పెట్టి కూర్చున్నారు. మంచి శ్రోత అంటే అలా ఉండాలని ఇక్కడ కిండర్‌గార్టెన్ నుంచే నేర్పుతారు. నాకేమో గ్రూప్ ఫొటోతో మాట్లాడుతున్నట్టుంది. నాలుగు వాక్యాలకే కథ ఆపేశాను.

“మా ఇళ్లలో కథ వినేవాళ్లు ఊఁ అంటారు,” అన్నాను. “ఊఁ ఆగితే కథ ఆగిపోతుంది. నోరు తెరవక్కర్లేదు. ముక్కులోంచి. ఊఁ.”

పది నిమిషాల్లో క్లాసంతా పట్టేసింది. ఇరవై ఆరు ముక్కుల ఊఁకి కిటికీ అద్దాలు వణికాయి, పార్కింగ్ లాట్‌లో రెండు కార్ల అలారాలు మోగాయి. పక్క గది వైస్ ప్రిన్సిపాల్ మిసెస్ హాల్‌పెర్న్‌ది. ఆవిడ తలుపు తీసి చూసింది.

“మిస్టర్ మూర్తీ, ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?”

“లేదు మేడమ్. వింటున్నారు.”

“వింటే ఇంత చప్పుడా?”

జాస్మిన్ ఆ క్లాసులోదే. ఎంత మెల్లిగా మాట్లాడేదంటే, పక్కన గోడగడియారం ఉంటే దాన్ని కాసేపు ఆగమనాలి. కానీ కత్తెర పట్టిందంటే కుక్క మీసాలు కూడా విడివిడిగా లెక్కపెట్టుకోవచ్చు. రెండో వారంలో ప్రాంప్ట్ ఇచ్చాను. ప్రాంప్ట్ అంటే కథ మొలవడానికి వేసే ఒక్క వాక్యం. నేను వేసింది, “మా ఇంట్లో ఒకటి కనబడకుండా పోయింది.” ఒకడి కథలో టీవీ రిమోట్ పోయింది, ఒకమ్మాయికి కుడికాలి సాక్సులన్నీ పోయాయి. జాస్మిన్ కథలో బిస్కట్ అనే కుక్క పోయింది.

పోయి ఊరుకోలేదు. రోజురోజుకీ పెరిగి స్కూల్ బస్సంత అయింది. టర్న్‌పైక్ హైవే ఎక్కి టోల్ కట్టకుండా పరిగెత్తింది. ఎయిర్‌పోర్టులో విమానం చక్రాన్ని బంతి అనుకుని నోట కరుచుకుంది. చివరికి సెక్యూరిటీ ఆఫీసర్ పట్టుకుని, “నిన్ను బయటికి ఎవరు వదిలారు?” అని అడుగుతాడు. అక్కడ కథ ఆగిపోయేది. కోతల్లో నాకు సాటి లేరనుకునేవాణ్ణి. ఆ కుక్క టోల్ గేటు దూకిన రోజున నా పదవికి రాజీనామా చేశాను.

“తర్వాత?” అని అడిగితే, “ఇంకా రాయలేదు” అనేది. “నాన్నకి కూడా అంతవరకే చెప్పా. నాన్న ట్రక్ డ్రైవర్. సాయంత్రం డిన్నర్‌కి ట్రక్ ఆపినప్పుడు కాల్ చేస్తాడు. ఊఁ అనడం నేర్పా.”

“అంటున్నాడా?”

“అంటాడు. కానీ మీలాగ ముక్కులోంచి రాదు. పొట్టలోంచి వస్తుంది. ఇంజిన్ స్టార్ట్ చేసినట్టు.”

ఎనిమిదో వారం. బెల్లు కొట్టాక అందరూ వెళ్లిపోయారు, జాస్మిన్ మాత్రం బొమ్మలు సర్దుతూ ఉండిపోయింది. సర్దినవే మళ్లీ సర్దుతోంది.

“మిస్టర్ మూర్తీ, చివర్లో నిజంగానే చెప్పాలా? ఏది కల్పించామో?”

“రూలంటే రూలే.”

“ఏది నిజమో కూడా చెప్పచ్చా?”

నేను కత్తెర కింద పెట్టాను.

“బిస్కట్ నిజం కుక్క,” అంది. “నాన్న కుక్క. ఆ రోజు గేటు నేను మూయలేదు. నాన్న గొళ్లెం పాడయిందనుకుంటున్నాడు. ట్రిప్‌కి వెళ్లేముందు బాగుచేయలేదని తనని తనే తిట్టుకుంటాడు. ఇప్పటికీ ట్రక్‌లో బిస్కట్ గొలుసు పెట్టుకుని తిరుగుతున్నాడు, దారిలో కనిపిస్తుందేమో అని.”

“ఇంట్లో నాన్నతో చెప్పచ్చు కదమ్మా.”

“ట్రై చేశా. మొహం చూస్తే మాట రాదు.” మడతపెట్టిన దుప్పటి వైపు చూసింది. “అది అడ్డం ఉంటే మొహం కనిపించదు కదా.”

నాకు ఒక్క జోకూ తట్టలేదు. నా జీవితంలో అలా జరగడం అది రెండోసారి. మొదటిసారి పెళ్లిచూపుల్లో.

రెసిడెన్సీ చివర తల్లిదండ్రుల ముందు పిల్లలు చేసే ప్రదర్శనని షేరింగ్ అంటారు. దానికి వారం ముందు మిసెస్ హాల్‌పెర్న్ నన్ను పిలిచింది. “పేరెంట్స్ వీడియోలు తీసుకుంటారు. ఆ రోజు ఆ శబ్దం వద్దు. ఆడియన్స్ సైలెంట్‌గా ఉండాలి.” వచ్చే ఏడాది కూడా ఇదే స్కూలు దొరకాలని నా ఆశ. “తప్పకుండా మేడమ్” అన్నాను. పిల్లల్ని కూర్చోబెట్టి, “షేరింగ్ రోజున మాత్రం ఎవరూ ఊ కొట్టకండి” అని గట్టిగా చెప్పాను. పది వారాలు ఊతకర్ర ఇచ్చి నడిపించి, పరుగుపందెం రోజున అది లాగేసుకున్నాను. పద్దెనిమిదేళ్ల టెస్టింగ్ అనుభవంలో నాకు పట్టుబడని బగ్గు అదొక్కటే.

మా అత్తగారు కూడా బయల్దేరారు.

“ఇంట్లో ఒక్కదాన్నీ గోడలు చూస్తూ ఏం కూర్చోను అల్లుడుగారూ. అక్కడ ఏసీ ఉంటుందా?”

“ఉంటుందండీ.”

“అయితే కాస్త కునుకు పడుతుంది. పదండి.”

పట్టుచీర, దాని మీద మా అబ్బాయి హుడీ, కాళ్లకి స్నీకర్లు. మూడో వరసలో కూర్చున్నారు, కూర్చున్న రెండో నిమిషంలో తల వాల్చేశారు. వెనక తలుపు దగ్గర జాస్మిన్ వాళ్ల నాన్న నిలబడ్డాడు. పేరు డారిల్. పొద్దున్నే ట్రిప్ ముగించుకుని నేరుగా వచ్చాట్ట. ఆరడుగుల పైమాటే. నా లెక్కలో తొమ్మిది.

నేను దుప్పటి వెనక లైటు పట్టుకుని ఉన్నాను. మూడో కథ జాస్మిన్‌ది. కుక్క పెరిగింది, టోల్ దూకింది, విమానం చక్రం కరిచింది. దుప్పటి అంచులు దాటిపోయేంత నీడ. ఆఫీసర్ బొమ్మ వచ్చి అడిగింది, “నిన్ను బయటికి ఎవరు వదిలారు?”

అక్కడ ఆగిపోయింది.

అవతల రెండు వందల మంది ఊపిరి బిగబట్టి, ఎంతో మర్యాదగా, ఆ పిల్లని నిలువునా ముంచేస్తున్నారు. దుప్పటి మీద కుక్క నీడ వణకడం మొదలైంది. జాస్మిన్ నా వైపు తిరిగి, పెదాలతో అంది. “ఎవరూ వినట్లేదు.”

నేను ఊఁ అనబోయాను. కానీ నేనంటే ఏం లాభం? నాకు ముందే తెలుసు. వినాల్సిన మనిషి దుప్పటికి అవతల ఉన్నాడు. తెర పక్కన మిసెస్ హాల్‌పెర్న్ వాచీ చూసుకుంటోంది. ఆ నిశ్శబ్దం సరిగ్గా పదమూడు నిమిషాలు సాగింది. సరే, పన్నెండు సెకన్లు. నా చొక్కా మాత్రం పదమూడు నిమిషాలకి సరిపడా తడిసింది.

అప్పుడు వినిపించింది.

“ఊఁ.”

ముక్కులోంచి వచ్చింది కాదు, పొట్టలోంచి. కుర్చీల కింద నట్లు కదిలాయి. మా అత్తగారే, ఇంకెవరు! నిద్రలో. డెబ్బై ఏళ్లుగా కథలు విని, మనవల్ని నిద్రపుచ్చుతూ తనే నిద్రపోయిన మనిషి. ఊఁ కొట్టడానికి ఆవిడకి మెలకువతో పనిలేదు.

జాస్మిన్ ఊపిరి పీల్చుకుంది. “ఒక అమ్మాయి వదిలింది,” అంది.

“ఊఁ.”

“స్కూల్ బస్ మిస్ అవుతుందని పరిగెత్తింది. గేటు మూయలేదు. వాళ్ల నాన్న గొళ్లెం పాడయిందనుకున్నాడు. గొళ్లెం బాగానే ఉంది.”

మూడో ఊఁ రావడానికి కొంచెం ఆలస్యమైంది. మధ్యలో చిన్న గురక లాంటిది వినిపించింది. తర్వాత వచ్చింది.

“ఊఁ.”

ఇక రూలు ప్రకారం ఒప్పుకోలు మిగిలింది. జాస్మిన్ మెల్లిగా బొమ్మని లైటు దగ్గర్నుంచి దుప్పటి వైపు జరుపుకుంటూ పోయింది. బస్సంత నీడ కారంత అయింది, కుర్చీ అంత అయింది. అట్టని తీసుకెళ్లి దుప్పటికి ఆనించేసింది.

“నేను కల్పించింది బిస్కట్ సైజు,” అంది. “ఇంతే ఉండేది. గేటు సంగతి కల్పించలేదు.”

చప్పట్లు ఆగకముందే డారిల్ దుప్పటి పక్కకి తీసి లోపలికి వచ్చేశాడు. జాస్మిన్ నేల చూస్తోంది.

“గొళ్లెం బాగుందని నాకు తెలుసు, బేబీ. ఇంటికొచ్చిన రోజే చూశా.”

జాస్మిన్ తలెత్తింది. “తెలుసా? మరి ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు చెబుతావేమో అని చూశా. చెప్పకపోతే గొళ్లెందే తప్పని ఉండిపోదామనుకున్నా.”

ఆ పిల్ల ఏడుస్తూ నవ్వింది, నవ్వుతూ తిట్టింది. అతను అట్టకుక్కని అరచేతిలో పెట్టుకుని చూశాడు. “దీన్ని ట్రక్‌లో పెట్టుకోవచ్చా?”

“పెట్టుకో. చెవి దగ్గర పలచగా ఉంది, విరుగుతుంది. ఎండలో పెట్టకు.”

నేను పది వారాలుగా బిగబట్టిన ఊపిరి వదిలాను. ఆ గాలికి దుప్పటి ఎగిరి మిసెస్ హాల్‌పెర్న్ నెత్తిన పడింది. ఆవిడ దాన్ని తీసి నాకిచ్చి, “మిస్టర్ మూర్తీ, ఆ శబ్దం సంగతి వచ్చే ఏడాది ప్రోగ్రాం షీట్‌లో రాయించండి. ఎలా అనాలో పేరెంట్స్‌కి కూడా తెలియాలి కదా” అంది. వెళ్తూ వెళ్తూ తనే ఒకసారి ముక్కులోంచి ప్రయత్నించింది. ఫర్వాలేదు.

పిల్లల చేత మాట్లాడించడమే నా పని అని అంతకుముందు అనుకునేవాణ్ణి. ఆ పని పిల్లలే చేసుకుంటారు. వింటున్నామని వాళ్లకి వినబడేలా వినే మనిషిని అవతల కూర్చోబెట్టడం నా పని. అప్పటినుంచి ఏ షేరింగ్‌లోనైనా లైట్లు ఆర్పకముందు, సూటూ బూటూ వేసుకుని వచ్చినవాళ్ల చేత కూడా మూడుసార్లు ఊఁ అనిపించి గానీ మొదలుపెట్టను.

ఇక నా ఒప్పుకోలు.

మా అత్తగారు ఆ రోజు రాలేదు. మోకాలి నొప్పని ఇంట్లోనే ఉన్నారు. ఏసీ గురించీ కునుకు గురించీ ఆవిడ అన్న మాట నిజమే, డెంటిస్టు దగ్గరికి వెళ్తున్న రోజున. ఆ ఊఁ మూడో వరసలోంచి రాలేదు. వెనక తలుపు దగ్గర్నుంచి వచ్చింది. మూడూ అక్కణ్నుంచే. మూడో ఊఁకి ముందు వినబడినది గురక కాదు.

ఇది చదివి సునీత, “అతనే అన్నాడని ఉన్నదున్నట్టు రాస్తే ఏం పోయింది? మధ్యలో మా అమ్మ చేత గురక పెట్టించడం ఎందుకు?” అని కసిరింది. నిజమే. తండ్రి గొంతు అని రాస్తే, పాఠకుల్ని ఏడిపించడానికి పెంచాడంటారని భయపడ్డాను. అన్నిటినీ పెంచే నేను, పెంచక్కర్లేని దాన్ని తగ్గించి రాశాను.

బిస్కట్ దొరికిందని రాయాలని కూడా చెయ్యి లాగింది. దొరకలేదు. అట్టకుక్క మాత్రం ట్రక్ అద్దం దగ్గర నీడపట్టున ఉందట. చెవి ఇంకా విరగలేదట.

ఇదిగో, బొమ్మని దుప్పటికి ఆనించేశాను. ఇంతే ఉండేది.