ఎర్రజెండా దగ్గర చెంపదెబ్బ

బీచి మీద కొట్లవాళ్లంతా అతన్ని ఈల బాబాయ్ అనేవారు. ఇరవై రెండేళ్లుగా మెడలో ఈల, చేతిలో రబ్బరు ట్యూబు. మునిగేవాళ్లను ఒడ్డుకు చేర్చడం అతని పని. ఆ మునిగేవాళ్లంటేనే అతనికి ఒళ్లుమంట.

ఆ మంట ఒక్కరోజులో పుట్టింది కాదు. చిన్నప్పుడు ఇంటి వాకిట్లో నిలబడితే సముద్రం కనిపించేది. ఇప్పుడు అక్కడ నాలుగంతస్తుల లాడ్జి వెనక గోడ, దానికి వేలాడే ఏసీ డబ్బాలు, వాటినుంచి కారే నీళ్లు. సెలవులొస్తే సందు కిక్కిరిసిపోతుంది. సొంతింటికి వెళ్లడానికి కూడా "కాస్త జరగండి బాబూ" అని బతిమాలుకోవాలి. భార్య లాడ్జీల దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తుంది. వాటిలోని ఇసుక దులిపి దులిపి ఆమెకు దగ్గు పట్టుకుంది.

"సముద్రం చూడ్డానికొచ్చి ఇసకంతా నా నెత్తిన పోసి పోతారేంటి వీళ్లు?" అని రోజుకోసారైనా అనేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అలలు మనిషిని లోపలికి ఈడ్చేస్తున్నాయి. అందుకే అతను ఎర్రజెండా పాతాడు. వీపున పెద్ద సంచీతో ఒంటరిగా ఊళ్లు తిరిగే ఒకామె, ముప్పై ఏళ్లుంటాయి, సరిగ్గా ఆ జెండా పక్కనే సంచీ దించి నీళ్లలోకి నడిచింది. అతను ఈల వేశాడు. ఎవరో పలకరించినట్టు ఆమె వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. తర్వాతి అల ఆమెను లాక్కుపోయింది.

అతను ఈదుకుంటూ వెళ్లి ట్యూబు అందిస్తే దాన్ని వదిలేసి అతని మెడ పట్టుకుంది. ఇద్దరూ రెండుసార్లు మునిగారు. చివరికి ఆమె జుట్టు దొరకబుచ్చుకుని ఒడ్డుకు లాక్కొచ్చాడు. ఆమె నీళ్లు కక్కి, కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట: "నా బ్యాగుందా?"

అతని చెయ్యి లేచింది. చెంప చెళ్లుమంది. మూగిన జనం ఫోన్లు పైకెత్తారు. కొందరు చప్పట్లు కొట్టారు.

సాయంత్రం అతను ఇంటికి చేరేసరికి కబురు అతనికంటే ముందే చేరింది.

"కొట్టావటగా?" అంది భార్య.

"చచ్చేదే. నన్నూ చంపేది."

"ఇద్దరూ బయటపడ్డాక కదా కొట్టావు. మరి అదెందుకు?"

అతను కంచం ముందునుంచి లేచిపోయాడు.

మర్నాడు బీచి ఆఫీసులో పిలుపు. రెండు పేజీల ఫిర్యాదు రాసిచ్చి ఆమె కుర్చీలో కూర్చుని ఉంది. చెంప ఇంకా కమిలే ఉంది. "సారీ చెప్పెయ్ బాబాయ్, సీజన్ పాడుచెయ్యకు," అని ఆఫీసరు ఆమె రాసిన కాగితం పైకి చదవడం మొదలుపెట్టాడు.

అందులో చెంపదెబ్బ ఒక్కటే లేదు, ఊరంతా ఉంది. సముద్రం కనిపించే గది అన్నారు. కిటికీ తెరిస్తే నీళ్ల ట్యాంకు. దారి అడిగితే చెయ్యి పట్టుకుని కొట్లోకి తీసుకెళ్లారు. ఇసుక మీద చాపంత జాగా దొరకలేదు. కుళాయి దగ్గర ఒకావిడ తిడుతూనే నా సీసా నింపింది. తెల్లారకముందు ఖాళీ ఒడ్డున నడిచాను. అంత బాగున్న చోటు ఇంతవరకూ చూడలేదు. మీ మనిషి నన్ను బతికించాడు. ఆ మనిషే కొట్టాడు. మొదటిది మరిచిపోను, రెండోది క్షమించను.

అతనికి కోపం తన్నుకొచ్చింది. కాదందామంటే అందులో అబద్ధం ఒక్కటీ కనబడలేదు.

"ట్యాంకు సంగతి నిజమే. అది నా వాకిట్లోంచీ కనబడుతుంది," అన్నాడు. "కానీ ఎర్రజెండా కనబడలేదా మీకు?"

"కనబడింది. ఐస్‌క్రీమ్ బళ్లకీ అదే ఎర్రజెండా కదండీ. ఇదీ అలాంటిదే అనుకున్నా."

అతను ఆఫీసరు వైపు తిరిగాడు. "ఆ బళ్ల జెండాలు తీయించండని మూడేళ్లుగా మొత్తుకుంటున్నా మీ దగ్గర." ఆఫీసరు కాగితంలోకి తల దించాడు.

అతను మళ్లీ ఆమె వైపు తిరిగాడు.

"కొట్టడం నా తప్పే," అన్నాడు చివరికి. "మీతోపాటు నేనూ పోతాననుకున్నా. ఒడ్డుకొచ్చాక ఆ భయమంతా చేతిలోకొచ్చింది. దానికి సారీ. జుట్టు పట్టుకున్నందుకు మాత్రం చెప్పను."

"దానికి నేనడగలేదు. జనం చప్పట్లు కొడుతుంటే మీరు చూస్తూ నిలబడ్డారు. ఒక్కమాటన్నా అనలేదు."

ఆ మాట అతనికి గట్టిగా తగిలింది. నిజంగానే, ఆ చప్పట్లు వింటూ ఒక్క క్షణం అతనికి హాయిగా అనిపించింది. అది పైకి చెప్పలేదు.

ఆమె ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. సంచీ భుజానికెత్తుకుని బస్టాండుకు వెళ్లిపోయింది. అతన్ని ఒడ్డు మీదనుంచి తీసేసి, ఆరు వారాలు బట్టలు మార్చుకునే గదుల దగ్గర కూర్చోబెట్టారు. తడికాళ్ల జనం రోజంతా అతని ముందే బురద తొక్కుకుంటూ పోయారు. అతని విసుగు రెట్టింపయింది. వారం తిరక్కుండా ఐస్‌క్రీమ్ బళ్ల జెండాలు మాత్రం పీకించారు. తన మాట మూడేళ్లు ఎవరి చెవికీ ఎక్కలేదు, ఆమె రెండు పేజీలు వారంలో పని చేశాయి. అందుకు ఆమె మీద మళ్లీ కోపమొచ్చింది.

"పనైంది కదా, ఎవరివల్లయితే ఏం?" అంది భార్య దగ్గుతూ.

ఒడ్డుకు తిరిగొచ్చిన మొదటిరోజే ఒకతను పాపను భుజాన కూర్చోబెట్టుకుని, అలలకు వీపు పెట్టి ఫొటో దిగుతున్నాడు. ఈల వేస్తే, "నీకేంటి ప్రాబ్లమ్?" అని కసిరాడు. ఈల బాబాయ్ నడుంలోతు నీళ్లలోకి వెళ్లి, ఆ ఇద్దరికీ అలలకూ మధ్య అడ్డంగా నిలబడ్డాడు. ఫొటో పాడైందని గొణుక్కుంటూ ఆ మనిషి పాపతో ఒడ్డుకు నడిచాడు.

"వెధవలు," అనుకుని, అతను ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు.