అమ్మ సర్దిన ఐసు పెట్టె

నా చిన్నతనం తలుచుకుంటే ముందుగా గుర్తొచ్చేది పాదాలకి తగిలే చలి. కొల్లేటి ఒడ్డున చలేమిటని ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. నేను పెరిగింది చేపలు ప్యాక్ చేసే షెడ్డులో. హనుమాన్ జంక్షన్‌కి పోయే రోడ్డు పక్కన ఓ రేకుల షెడ్డు, ఎప్పుడూ తడిగా ఉండే సిమెంటు నేల, ఆ నేల మీద ఊక కప్పిన ఐసు దిమ్మలు. అమ్మ కొయ్య సుత్తితో వాటిని పగలగొడుతుంటే తెల్లటి పొగ లేచేది. ఆ పొగలో అమ్మ నడుము నుంచి పైకే కనిపించేది. తొంభైల్లో సంగతి ఇది. బడి లేని రోజుల్లో నేనూ చెల్లీ ఖాళీ గోనెల మీద పడుకుని, ఆ పొగను చూస్తూ చూస్తూ నిద్రపోయేవాళ్ళం. లేచేసరికి లారీ వెళ్ళిపోయి ఉండేది. నేల మీద పొలుసులు మెరుస్తూ ఉండేవి. అందులో ఎంత నిజంగా చూశానో, ఎంత కలగన్నానో ఇప్పుడు విడదీసి చెప్పలేను.

అమ్మ సర్దిన పెట్టెలు కలకత్తా దాకా వెళ్ళేవి. అంత దూరం వెళ్ళాక కూడా చేప కన్ను తేటగా ఉండాలి, లేకపోతే అమ్మకి తల కొట్టేసినట్టు ఉండేది. అడుగున ఐసు, దాని మీద చేప, మళ్ళీ ఐసు. మూలల్లో చిన్న ముక్కలు కూరి, గాలి ఆడకుండా మూత బిగించేది. లోపల ఏం జరుగుతోందో చూద్దామని ఒకసారి నేను మూత ఎత్తాను. వీపు విమానం మోత మోగింది.

"మూత తీశావంటే లోపలికి ఎండ పోద్దే! ఇంక అది చేప కాదు, కుళ్ళు" అంది.

పెళ్ళయి విజయవాడ వచ్చాక ఆ చలి నన్ను వదిలేసింది. వన్ టౌన్‌లో గోడౌన్లు దాటి లోపలికి వస్తే ఒక ఆసుపత్రి వెనక సందు, అందులో మా అద్దె వాటా. డాబా మీద నిలబడితే ఆసుపత్రి పాత వార్డు కిటికీలు కనిపించేవి. అవి తెరిచి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. పావురాలు మాత్రం అక్కడ హాయిగా కాపురం చేసుకునేవి. స్వైన్ ఫ్లూ వచ్చిన ఏడాది, శ్రావణమాసంలో, ఒకరోజు పొద్దున్న బట్టలు ఆరేస్తూ చూద్దును కదా, ఆ కిటికీలు తెరిచి ఉన్నాయి. నీలం పరదాలు కట్టారు. గాలికి అవి ఊగుతుంటే చూడ్డానికి బాగుందని కూడా అనుకున్నాను. జబ్బు అనుమానం ఉన్నవాళ్ళని అందులో విడిగా ఉంచుతారని మధ్యాహ్నానికల్లా సందంతా తెలిసిపోయింది.

అంతే, మా సందు తీరే మారిపోయింది. పరదా ఇటు ఊగిందంటే గాలి మన మీదకి వస్తోందని కిటికీలు వేసేసేవాళ్ళు. అందరి జేబుల్లో కర్పూరం మూటలు. వార్డు కడిగిన నీళ్ళు మన కాలవలోకే కదా వచ్చేది అని ఒకరు. పరీక్ష ఇక్కడ చెయ్యరట, హైదరాబాదు పంపాలట, దారిలో ఎవరిది ఎవరికి కలిసిపోతుందోనని ఇంకొకరు. ఆసుపత్రికి వెళితే లేని జబ్బు అంటుకుంటుందని, దగ్గొచ్చినవాళ్ళు తలుపులు వేసుకుని తలగడలో దగ్గుకునేవాళ్ళు. ఎదురింటి పిన్నిగారు మా సందుకి పెద్దదిక్కు. వార్డు అక్కణ్ణుంచి తీసేయమని అర్జీ పెడదామని ఆవిడే అన్నారు.

"నీ దస్తూరీ గుండ్రంగా ఉంటదమ్మా, నువ్వు రాయి" అన్నారు నాతో.

పొగిడితే పడిపోయే మనిషిని. రాశాను. 'మా బిడ్డల ప్రాణాలకు ముప్పు' అన్న చోట కింద గీత కూడా గీశాను. మొదటి సంతకం నాదే.

వారం తిరక్కుండా చెల్లి వచ్చింది. దానికి ఎనిమిదో నెల. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గానీ, మా ఊళ్ళో అవసరానికి డాక్టరు దొరకడని అమ్మ దాన్ని తీసుకుని నా దగ్గరికే వచ్చింది. బస్సు దిగేటప్పటికే దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మర్నాటికి జ్వరం, దగ్గు. ఆ మర్నాటికి మాట మధ్యలో ఆయాసం. నర్సింగ్ హోముకి తీసుకెళితే గుమ్మంలోనే ఆపేసి, పరీక్ష చేయించుకుని రమ్మన్నారు. ఆ పరీక్ష ఎక్కడ? మా డాబా మీద నుంచి కనిపించే ఆ నీలం పరదాల వెనక.

ఆ రోజులు నాకు జ్వరంలో చూసినట్టే గుర్తున్నాయి, జ్వరం చెల్లిదైనా. చెల్లిని లోపలికి తీసుకెళ్ళి కిటికీ పక్క మంచం ఇచ్చారు. అమ్మనీ నన్నూ వరండాలోనే ఉండమన్నారు. కిటికీకి కొంచెం ఎడంగా నిలబడి దానితో మాట్లాడొచ్చు. డాక్టరమ్మ ఫలితం కోసం చూడకుండా ఆ పూటే మాత్రలు మొదలుపెట్టారు. మాస్కు తాళ్ళు ఒరుసుకుని ఆవిడ చెవుల వెనక ఎర్రగా కందిపోయి ఉండేది. సందులోకి వస్తే పిన్నిగారు అడిగారు, చెల్లి కనపడటం లేదేమని. ఊరికి వెళ్ళిపోయిందండీ అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో!

చెల్లి గొంతులోంచి తీసిన నమూనాను వార్డు అటెండరు, రిటైరయ్యే వయసున్న మనిషి, ఒక థర్మోకోల్ పెట్టెలో పెట్టాడు. గుప్పెడు ఐసు ముక్కలు వేసి మూత పెట్టాడు. మూత ఒక పక్క లేచే ఉంది. జీపు వస్తుందని పెట్టెను వరండా మెట్టు మీద ఉంచాడు. జీపు రాలేదు. మెట్టు మీద నీడ మెల్లగా జరిగిపోయి పెట్టె ఎండలో మిగిలింది. అమ్మ చూపంతా దాని మీదే. కూతురు మంచాన పడి ఉంటే ఈవిడ డబ్బాను చూస్తుందేమిటని నాకు విసుగొచ్చింది. పెట్టె కింద మెట్టు తడిసి, తడి పాకసాగింది. అమ్మ లేచి వెళ్ళి దాన్ని నీడలోకి జరపబోయింది.

"ముట్టుకోకమ్మా! జబ్బు అంటుకుద్ది" అని అటెండరు కసిరాడు.

అమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది. జీపు వచ్చేటప్పటికి అన్నాల వేళ దాటిపోయింది.

మూడో రోజున డాక్టరమ్మ కాగితం పట్టుకుని వచ్చి, "లేదని వచ్చిందమ్మా" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది. చెల్లి గురించి ఎంత సంతోషపడ్డానో, నా అబద్ధం బయటపడదని కూడా అంతే సంతోషపడ్డాను. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. జబ్బు లేదు కాబట్టి మాత్రలు ఆపేస్తారు. పొద్దున్నే కాన్పుల వార్డులోకి మారుస్తారు. అక్కడ వరసగా మంచాలు, మంచానికో నిండు చూలాలు.

"లేదంటే ఎట్టాగండీ డాక్టరమ్మగారూ?" అంది అమ్మ. "ఆ పెట్టెలో ఐసు ఎప్పుడో నీళ్ళైపోయింది. లోపలున్నదేదో ఆ ఎండకి చచ్చిపోయి ఉంటది. చచ్చిపోయినదాన్ని చూసి లేదంటే నేనొప్పుకోను."

"నోరు ముయ్యమ్మా! మంచి కబురు చెబుతుంటే నీకేమొచ్చింది?" అని అరిచాను. ఒళ్ళు మండిపోయింది నాకు. లోకంలో ఏ తల్లయినా కూతురికి జబ్బు ఉందని పోట్లాడుతుందా?

కిటికీలోంచి చెల్లి అంతా వింటోంది.

"అమ్మా, నాకు ఆ జబ్బు ఉండాలా నీకు?" అంది. ఆ నాలుగు మాటలకే ఆయాసపడి, గోడ వైపు తిరిగి పడుకుంది.

అమ్మ మొహం పాలిపోయింది. అయినా మాట మార్చలేదు. "దీన్ని ఆ కాన్పుల వార్డులో పడుకోబెడితే పక్క మంచం పిల్ల గతేంటండీ? ఆ పిల్లకీ తల్లి ఉంటదిగా" అంది.

డాక్టరమ్మ చేతిలోని కాగితం మడిచారు. తర్వాత మెట్ల దగ్గరికి వచ్చి, పెట్టె ఎంతసేపు ఎండలో ఉందని అడిగారు. అమ్మ చెయ్యి చాపి చూపించింది. "నీడ ఆ స్తంభం కాడ ఉన్నప్పుడు పెట్టారండి. ఇదిగో, ఈ చివరి మెట్టు కూడా దిగిపోయాక తీశారు." అటెండరుని పిలిస్తే ఆయన తల దించుకున్నాడు. డాక్టరమ్మ లోపలికి తిరిగి, మాత్రలు ఆపొద్దనీ, మంచం మార్చొద్దనీ నర్సుకి చెప్పారు. రేపు మళ్ళీ నమూనా తీసి పంపుదామన్నారు.

"ఈసారి ఐసు నేను సర్దుతానండి" అంది అమ్మ.

మర్నాడు పొద్దున్నే మా గుమ్మం ముందు ఐసు దిమ్మ దిగింది. అమ్మ చేపల మార్కెట్టుకి వెళ్ళి కొత్త పెట్టె, కొయ్య సుత్తి సంపాదించుకొచ్చింది. పెట్టె కొత్తదే అయినా వాసన వస్తుందేమోనని సబ్బుతో మూడుసార్లు కడిగింది. తర్వాత చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని ఐసు పగలగొట్టడం మొదలుపెట్టింది. సందులోకి తెల్లటి పొగ పాకింది. నేను గుమ్మంలో నిలబడి ఆ పొగలో పాదాలు పెట్టాను. ఎన్నేళ్ళ తర్వాతో ఆ చలి! ఒక్క క్షణం నేను షెడ్డులోనే ఉన్నాను, చెల్లి గోనె మీద నిద్రపోతోంది, లారీ ఇంకా రాలేదు.

"ఏంటమ్మా పొద్దున్నే ఈ ఐసు?" అని పిన్నిగారు గుమ్మంలోంచే అడిగారు.

నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది. "మా చిన్నదానికండీ. ఆ వార్డులో ఉంది. పరీక్షకి పంపాలి."

పిన్నిగారు నా వైపు చూశారు. ఆ చూపుకి నేను భూమిలోకి కుంగిపోయాను. ధడేలున తలుపు పడింది. అమ్మ సుత్తి మాత్రం ఆగలేదు. కాసేపటికి ఆ తలుపు మళ్ళీ బెత్తెడు తెరుచుకుంది. అందులోంచి ఒక దళసరి రగ్గు వచ్చి మా మెట్ల మీద పడింది.

"పెట్టెకి చుట్టండి. తిరిగి ఇవ్వక్కర్లేదు" అన్నారు పిన్నిగారు. తలుపు మళ్ళీ పడింది.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

వరండాలో అమ్మకి మాస్కు, చేతి తొడుగులు ఇచ్చారు. నర్సు మూత బిగించి తెచ్చిన నమూనా డబ్బాను అటెండరే పెట్టెలో నిలబెట్టాడు. మిగతాదంతా అమ్మ చేసింది. అడుగున పెద్ద ముక్కలు, పక్కన చిన్నవి, మూలల్లో ఇంకా చిన్నవి. ఉప్పు కలిపితే ఇంకా చల్లగా ఉంటుందేమోనని అటెండరు సలహా ఇచ్చాడు, పాపం. "ఉప్పేస్తే గడ్డకట్టిపోద్దండి. చల్లగా ఉండాలంతే, గడ్డకట్టకూడదు" అంది అమ్మ. మా పుస్తకంలోనూ అదే రాసుందని డాక్టరమ్మ తొలిసారి నవ్వారు. ఒక్కో ముక్కా పెట్టేటప్పుడు మాస్కు లోపల అమ్మ పెదాలు కదులుతున్నాయి. ముక్కలు లెక్కపెట్టుకుంటోందనుకున్నాను. మూతకి చుట్టూ టేపు వేసి, రగ్గు చుట్టి, జీపు వచ్చేదాకా పెట్టె పక్కనే నీడలో కూర్చుంది.

ఫలితం వచ్చేదాకా చెల్లి అమ్మతో మాట్లాడలేదు. అమ్మ కిటికీ దగ్గర నిలబడితే అది కళ్ళు మూసుకునేది. పరదా నీలం నీడ దాని మొహం మీద పడేది. మాత్రలు ఆగలేదు గనక జ్వరం మెల్లగా దిగింది. మాటకీ మాటకీ మధ్య ఆయాసం తగ్గింది. అయినా మాట మాత్రం అమ్మకి దక్కలేదు.

ఆ తర్వాత జరిగినవన్నీ మంచివే. చెల్లి కోలుకుంది. మరుసటి నెలలో ఆడపిల్ల పుట్టింది, ఊపిరంతా గొంతులో పెట్టుకుని ఏడ్చింది. అర్జీ పిన్నిగారి బీరువాలోనే ఉండిపోయిందని తెలిసి, నేను వెళ్ళి అడిగి తెచ్చుకుని చింపేసి కొత్తది రాశాను. వార్డు తీసేయమని కాదు, పెట్టెలు ఉంచడానికి నీడ, వేళకి ఒక బండి కావాలని. పిన్నిగారు కాసేపు గొణిగి సంతకం పెట్టారు. అవన్నీ నాకు మసకగానే గుర్తున్నాయి. రెండో కాగితం వచ్చిన పొద్దుటిపూట ఒక్కటే కడిగినంత స్పష్టంగా ఉంది.

"ఉందని వచ్చిందమ్మా" అన్నారు డాక్టరమ్మ. "మొదటిది ఎండకే చెడిందో, ఆ రోజు గొంతులోంచి సరిగా రాలేదో నేను చెప్పలేను. మాత్రలు మాత్రం ఆపకపోవడం మంచిదైంది."

నేను చెప్పలా అని అమ్మ అంటుందని ఎదురుచూశాను. అమ్మ మాత్రం పెట్టె ఎండలో మిగిలిన ఆ మెట్టు మీదే కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మ అలా ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు. నాన్న పోయినప్పుడు కూడా.

కిటికీలో పరదా పక్కకి జరిగింది. చెల్లి ఊచలు పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా, ఎందుకే ఏడుస్తావు? నువ్వు చెప్పినట్టే వచ్చిందిగా" అంది.

అమ్మ తలెత్తి దాని వైపు చూసింది.

"లేదని రావాలని ముక్క ముక్కకీ మొక్కుకున్నానే" అంది. "ఐసు మాత్రం సరిగ్గానే పెట్టాను."