రంగు మారని గీత

నేను పెనుకొండలో రైలెక్కేసరికి ధర్మవరం నుంచి వచ్చే నా స్నేహితుడు కిటికీ పక్కన తువ్వాలు వేసి నాకు చోటు పట్టి ఉంచేవాడు. అరవైల మొదట్లో ఇద్దరం హిందూపురంలో పీయూసీ చదివాం. వాళ్ళది పట్టుచీరలు నేసే ఇల్లు. పరీక్ష తప్పితే మగ్గంలో కూర్చోవలసిందేనని వాళ్ళ నాయన ముందే చెప్పేశాడు.

లెక్కల్లో అసమీకరణాలు మొదలైతే క్లాసంతా తెల్లమొహం వేసింది. వాడు మాత్రం సంఖ్యారేఖను చీరలా పరిచాడు. బహుపది సున్నా అయ్యే ప్రతిచోటా ఒక గీత. కుడి చివర ఎరుపు, అంటే ప్లస్సు. గీత దాటితే పచ్చ, అంటే మైనస్సు. ఇంకో గీత దాటితే మళ్ళీ ఎరుపు. "మగ్గంలో నాడె మార్చి ఇంకో రంగు పోగు ఏసినట్టే గదబ్బా" అనేవాడు. లెక్చరర్ వాడిచేత బోర్డు మీద వేయించి తెగ మెచ్చుకున్నాడు. లెక్కల్లో ఎప్పుడూ ఫస్టు నేను. ఆ రోజు నాకు ఒళ్ళు మండిపోయింది.

పరీక్ష ముందురోజు ఇంట్లో (x − 1)²(x − 4) > 0 చేస్తుంటే వాడి పద్ధతిలో చిల్లు దొరికింది. వర్గం ఉన్నచోట రెండు గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. రంగు రెండుసార్లు మారి మళ్ళీ మొదటికే వస్తుంది. ఒకటికి అటూ పచ్చే, ఇటూ పచ్చే.

మర్నాడు రైల్లో వాడు అడగనే అడిగాడు.

"ఏమబ్బా, వర్గముండే కాడ గూడా రంగు మారల్ల గదా?"

పుస్తకంలోంచి తలెత్తకుండానే "ఊ" అన్నాను.

హిందూపురం వచ్చేదాకా వాడి పక్కనే, వాడు పట్టి ఉంచిన చోటులోనే కూర్చున్నాను. చెప్పడానికి బోలెడు టైముంది. పుస్తకంలో పేజీలు తిప్పాను. పేపర్లో అలాంటి లెక్కే వచ్చింది. వాడు నాలుగు మార్కుల తేడాతో తప్పాడు.

కొన్నేళ్ళకు మా చెల్లెలి పెళ్ళిచీర కోసం ధర్మవరం వెళ్తే, మగ్గం మీంచి లేచి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు.

"నా చీర లెక్క నమ్మి నీగ్గూడా మార్కులు పోయింటాయే. నిన్ను గూడా ముంచితినే అని శానా దినాలు బాధపడితినబ్బా."

ఆ లెక్కకు నాకు నిండా మార్కులు పడ్డాయి. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఊ" అన్నాను.