సూర్యాపేట జీపుకు కోదాడ బ్రేకులు

మా పాత జీపు ఇంట్లో ఉంటుందా, అమ్ముడుపోతుందా అన్నది తేల్చడానికే ఈ ప్రయాణం. మిర్యాలగూడలో అక్క ఇంటికి వెళ్లిన మా ఆవిడ సరోజ ఫోన్లో ఖరాఖండిగా చెప్పేసింది. "బ్రేకులు బాగుచేపిస్తె జీపుల వస్త. లేకుంటె బస్సుకొస్త, జీపు మా బావకిచ్చెయ్యుండ్రి." రైసుమిల్లున్న ఆ బావకు ఊక మోయడానికి ఒక బండి కావాలట. మూడుసార్లు తొక్కితే గానీ ఆగని జీపే కావచ్చు, కానీ దానితో ఊక మోయించడమంటే నాకు ప్రాణం ఉసూరుమంది.

ఉదయం ఏడింటికి సూర్యాపేటలో ఇడ్లీ తిని బయల్దేరాను. ఈ జీపును ఆపాలంటే చాలా ముందు నుంచే నిదానించుకుంటూ రావాలి. మునగాల దగ్గర అలా వస్తుంటే, సర్వీసు జీపనుకుని ఒక పెద్దమ్మ నడుస్తున్న బండే ఎక్కేసింది.

"ఆపకుంటనే ఎక్కించుకున్నవ్ బిడ్డా, టైం ఖరాబు చెయ్యవు నువ్వు," అని మెచ్చుకుంది. నేను ఆపడానికే తంటాలు పడుతున్నానని చెప్పలేదు. కోదాడలో కూడా ఆమె దాదాపు అలాగే దిగింది.

కోదాడ మెకానిక్ ముందు చక్రాల డ్రమ్ములు విప్పి, డిస్కు బ్రేకులు, తొక్కుడుకు బలం పెంచే బూస్టరు బిగించేసరికి మూడైంది. ఈలోగా నేను పప్పన్నం తిని, చెట్టు కింద కునుకు కూడా తీశాను.

"ఇకనుంచి మూడేసిసార్లు తొక్కమాకండి సార్. ఒక్కసారి మెల్లగా ఆనిస్తే చాలు, నిలబడిపోద్ది," అన్నాడతను.

నాకు అర్థమైంది, నా కాలికి కాలేదు. షెడ్డు దాటగానే అలవాటుగా గట్టిగా తొక్కాను. నుదురు అద్దానికి తగిలింది. సంతోషం పట్టలేక ఇంకోసారి తొక్కాను.

హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ చేరేసరికి అయిదున్నర. సరోజ జీపు చుట్టూ తిరిగింది. కొత్త డిస్కులు వేయించానని చెప్పినా, రంగు మారలేదు కనుక ఆమెకు మార్పేమీ కనిపించలేదు. "భయమైతె యాడికాడ దిగుత," అని షరతు పెట్టి, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని కూర్చుంది. వాకిట్లో నిలబడ్డ బావ అప్పుడే ఊక ఎంత పడుతుందో చూసుకుంటున్నాడు.

పెన్‌పహాడ్ దగ్గర రోడ్డుకు అడ్డంగా ఒక బర్రె వచ్చింది. మెల్లగా ఆనించాను. జీపు ఠక్కున నిలబడింది. సరోజ మెచ్చుకుంటుందని అటు తిరిగానో లేదో, వెనక నుంచి ధన్‌మని శబ్దం! ఒక ఆటో వచ్చి మా స్టెప్నీకి గుద్దుకుంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు.

ఆటో అతను దిగి నా మీదికే వచ్చాడు. "గిట్ల ఆపుతరానె? పాత జీపు, ఎట్లయిన ఇంకింత దూరం పోయే ఆగుతదని లెక్కేసుకొని వస్తున్న నేను!"

న్యాయం అతని పక్షానే ఉందనిపించింది. ఇక జీపు ఊక మోసినట్టేనని దిగులేసింది. అప్పటికే సరోజ కొంగు నడుముకు చెక్కి కిందికి దిగింది.

"మా జీపు ఆగింది గద! ఆగంది నీ ఆటో. కొత్త డిస్కులు, కండ్లు కనిపిస్తలేవా? కోదాడకు వొయ్యి నువ్వు గూడ ఏయించుకో పో!"

అతను గొణుక్కుంటూ పక్కనుంచి వెళ్లిపోయాడు. సరోజ ఎక్కి కూర్చుని బావకు ఫోన్ చేసింది. "బావా, ఊకకు ఇంకో బండి సూసుకో. ఇది మేమియ్యం."

ఇంత హాయి ప్రయాణం నేనెప్పుడూ చేయలేదు. సూర్యాపేట దాకా సరోజ ఒక్కసారి కూడా ముందుకు చూడలేదు. వెనక్కి తిరిగి కూర్చుని, వచ్చే ప్రతి బండికీ చెయ్యెత్తి, మెల్లగా రమ్మని చెబుతూనే ఉంది.