ఎడమ వింగులో లేచిన పద్యం

దయ్యాలున్నాయని నన్ను నమ్మించబోయిన వాళ్లను నేను ఒక్కటే అడిగేవాణ్ణి: "మీరు స్వయంగా చూశారా?" అది ఎప్పుడూ ఎవరి మేనత్తకో, ఎవరి బావమరిదికో జరిగి ఉండేది. నేను కాలువల ఆఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషిని. చిన్నప్పటి నుంచి డైరీ రాస్తున్నాను. చూసిన దాన్ని, ఎవరో చెప్పగా విన్న దాన్ని కలిపి రాసే అలవాటు లేదు. అలాంటి నాకు కారణం దొరకని సంగతి ఒకటుంది. అది జరిగింది చీకట్లో కాదు. పట్టపగలు, నిండు సభలో.

డెబ్బైల మొదట్లో బెజవాడలో మాకొక నాటక సమాజం ఉండేది. అందరం ఉద్యోగస్తులం, చిన్న వ్యాపారస్తులం. సాయంత్రాలు పటమటలో ఒక మిత్రుడి ఇంటి వెనక షెడ్డులో రిహార్సల్సు వేసేవాళ్లం. నాకు గొంతు లేదు కాబట్టి ప్రాంప్టర్ని. పద్యనాటకంలో ప్రాంప్టరు పద్యమంతా చెప్పక్కర్లేదు. ఎత్తుగడలో రెండు మాటలు అందిస్తే చాలు, మిగతాది నటుడే అందుకుంటాడు.

మేం ఆడేది ఒక పాత విషాద నాటకం. సింహాసనం మీద ఆశతో సేనాపతి తనను నమ్మిన రాజుకు పాలలో విషం కలిపి ఇస్తాడు. పట్టం కట్టుకున్నాక ఆ పాపమే అతన్ని నిలువునా తినేస్తుంది. సేనాపతి వేషం రంగనాయకులు గారిది. ఐదున్నర శ్రుతిలో, మిగతావాళ్లకు అందని ఎత్తులో, ఆయన పద్యం ఎత్తితే జనం వన్స్‌మోర్ అనకుండా ఊరుకునేవారు కాదు. రాజు వేషం శేషగిరిది. రెండో అంకంలోనే చచ్చిపోతాడు.

"ఎన్నాళ్లండీ గురువు గారూ, ఆటాటకీ నేనిలా చస్తూ ఉండటం?" అనేవాడు నాతో. అందరం నవ్వేవాళ్లం.

మైలవరంలో ఆట ఆడి వచ్చిన కొద్దిరోజులకే రంగనాయకులు గారి గొంతు పోయింది. మొదట బొంగురు. తర్వాత ఉత్త గాలి. డాక్టరు లోపల వాపన్నాడు, మందులిచ్చాడు, తగ్గలేదు. సమాజంలో గుసగుసలు మొదలయ్యాయి. నాటకాల వాళ్లకు ఒక పాత భయం ఉంది, గిట్టనివాడు తాంబూలంలో సింధూరం పెడితే గొంతు పోతుందని. అందుకే పేరున్న నటులు తమ ఆకుల పెట్టె తామే మోసుకు తిరుగుతారు. రంగనాయకులు గారూ అంతే. తమ్ముడిలా చూసుకునే శేషగిరి ఇస్తే మాత్రం కాదనేవారు కాదు. మైలవరంలో ఆట మర్నాడు భోజనాలయ్యాక ఆయనకు ఆకు చుట్టిచ్చింది శేషగిరే. అది నేను చూశాను. లోపల ఏం పెట్టాడో చూడలేదు.

అంతలో పరిషత్తు పోటీలొచ్చాయి. సేనాపతి వేషం శేషగిరికి ఇచ్చారు. మొదటి రిహార్సల్లోనే పద్యాలన్నీ అప్పజెప్పేశాడు. ఒక్కచోట కూడా నాతో పని పడలేదు. మిగతావాళ్లు మెచ్చుకున్నారు. నాకు మాత్రం మనసులో ముల్లు గుచ్చుకుంది. ఎప్పటి నుంచి నేర్చుకుంటున్నాడు ఇవన్నీ?

రంగనాయకులు గారు రోజూ వచ్చి ఒక మూల కూర్చునేవారు. ఒకసారి నా చెవి దగ్గరకు వంగి, "ఆ గొంతు లేకపోతే ఇంక నేనెవర్నండీ?" అన్నారు. 

గుడివాడ అవతల ఒక ఊళ్లో పోటీలు. చీటీల్లో మాకు పగటి ఆట పడింది. రేకుల పందిరి, సందుల్లోంచి ఎండ. స్టేజీ పక్క తెర చాటున, కుడి వింగులో పుస్తకంతో నేను. నా ముందు హార్మోనియంతో యేసురత్నం గారు. ఆదివారాలు చర్చిలో వాయించే నెమ్మదస్తుడు. ఎదురుగా ఎడమ వింగులో కుర్చీ వేసుకుని రంగనాయకులు గారు.

మూడో అంకంలో సేనాపతి ఖాళీ సింహాసనం ముందు నిలబడి తన పాపం ఒప్పుకునే పద్యం ఉంది. యేసురత్నం గారు శేషగిరికి సరిపోయే నాలుగు శ్రుతి పట్టి ఉంచారు. శేషగిరి నోరు తెరిచాడు. మాట రాలేదు. నేను ఎత్తుగడ అందించాను. అందుకోలేదు. మళ్లీ అందించబోతుండగా ఎడమ వింగులోంచి పద్యం లేచింది.

రంగనాయకులు గారి గొంతు. ఖంగుమంటూ, మొదటి పాదం మొత్తం. హార్మోనియం ఉన్నపళంగా ఆయన ఐదున్నర శ్రుతికి ఎగిరింది.

నేను ఆయనకేసే చూస్తున్నాను. ఎండ ఆయన ముఖం మీదే పడుతోంది. పెదవులు కదల్లేదు. ఆయన కూడా ఉలిక్కిపడి వెనక్కి తిరిగి చూశారు.

"ఏవయ్యోయ్, హార్మోనీ మేష్టారూ! కునుకు పట్టిందా?" అని జనంలోంచి ఎవడో అరిచాడు. అంటే వాళ్లకు హార్మోనియం తప్పిందనే తెలుసు. పద్యం వినపడలేదు.

శేషగిరి కిరీటం తీసి సింహాసనం మీద పెట్టి లోపలికి నడిచాడు. తెర దించేశాం.

రంగు కూడా తుడుచుకోకుండా వచ్చి రంగనాయకులు గారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "అన్నయ్య గారూ, మైలవరంలో ఆకులో సింధూరం పెట్టానండీ. వేషం కోసం పెట్టానండీ. ఇంక పాడకండి, మీకు దణ్ణం పెడతాను, ఇంక పాడకండి."

 రంగనాయకులు గారు వంగి, ఆ గాలి గొంతుతోనే చెప్పారు: "ఆ ఆకు నేను వేసుకోలేదురా, శేషూ. పన్ను సలుపుతుంటే బస్సు కిటికీలోంచి పారేశాను. లే. మొహం కడుక్కో."

అప్పుడు నాకేసి చూశారు. "అవును శేషగిరీ, పారేయటం నేను చూశాను" అన్నాను.

ఆ రోజు బస్సులో కిటికీ పక్క కూర్చున్నది నేను. నా పక్కన ఆయన బెజవాడ వచ్చేదాకా ఆ ఆకు నములుతూనే ఉన్నారు.

అందరూ వెళ్లాక ఎడమ వింగు వెనక వెతికాను. రేకు గోడ తప్ప ఏమీ లేదు. మైకు వాణ్ణి అడిగాను, టేపు రికార్డరు లాంటిది వాడి దగ్గర లేనే లేదు. శేషగిరి చేత నిజం కక్కించడానికి రంగనాయకులు గారూ, యేసురత్నం గారూ కలిసి ఏదైనా ఎత్తు వేశారా అని కూడా అనుమానించాను. యేసురత్నం గారిని మొహమాటం లేకుండా అడిగేశాను. ఆయన నొచ్చుకున్నారు. "వినపడందే నా వేళ్లు అటెందుకు పోతాయండీ?" అన్నారు.

శేషగిరి మళ్లీ ముఖానికి రంగు వేసుకోలేదు. రంగనాయకులు గారికి గొంతు తిరిగి రాలేదు. సింధూరంతో నిజంగా గొంతు పోతుందా అంటే, నేనడిగిన డాక్టర్లు నవ్వారు. ఆయన ఎందుకు అబద్ధమాడారో నాకు తెలుసు. నేనెందుకు వంత పాడానో కూడా తెలుసు.

ఆ పద్యం సంగతి ఆయన దగ్గర ఒక్కసారే ఎత్తాను. ఆయన గొంతు తడుముకుని, "ఎవడో గానీ గురువు గారూ, నాకంటే బాగా పాడాడు" అన్నారు.

నా చెవులకు మాత్రం అది ఆయన గొంతే. మూసిన నోటి వెనక నుంచి ఎలా వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.