ఇంజిన్ పనికి తిరిగి వెళ్ళిన పెద్దాయన

సౌదీలోని రాబిగ్‌లో మా ప్లాంటుకి కరెంటు ఇచ్చే గ్యాస్ టర్బైను ఓవర్‌హాలుకి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఏడాది పొడుగునా దాన్ని కనిపెట్టుకుని ఉండేది మేము. అది కాస్త వణికితే పరుగెత్తేది మేము. తీరా విప్పే రోజు వచ్చేసరికి, దాన్ని తయారుచేసిన విదేశీ కంపెనీ మనుషులు విమానం దిగి, చుట్టూ నీలం పరదా కట్టేసి, మమ్మల్ని అవతలకి పొమ్మనేవాళ్ళు. కాంట్రాక్టులో అలాగే ఉందట. వేడి భాగం విప్పేటప్పుడు బయటివాళ్ళు చూడకూడదట. బయటివాళ్ళంటే ఎవరో కాదు, మేమే!

అలా మొదటిసారి పరదా బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తెలుగులో తిట్టుకుంటుంటే, పక్క కుర్చీలోని చైనా ఇంజినీరు నవ్వాడు. భాష రాకపోయినా భావం అందినట్టుంది. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. ఫ్లాస్కులో వేడినీళ్ళు తప్ప ఇంకేమీ తాగడు. "కోపం ఎందుకు తమ్ముడూ? లోపల ఏముందో నాకు తెలుసు. చెబుతా, విను," అన్నాడు ముక్కలు ముక్కలుగా వచ్చే ఇంగ్లీషులో.

ఆయన రాబిగ్ రాకముందు ఇరవై ఏళ్ళు వాళ్ళ దేశంలో విమానం ఇంజిన్లు తయారుచేయాలని కష్టపడిన ఒక సంస్థలో పనిచేశాడు. విమానం ఇంజిన్ కూడా మా టర్బైనుకి తోబుట్టువే. లోపల మంట, ఆ మంటకి ఎదురుగా గిర్రున తిరిగే చక్రం, చక్రం చుట్టూ వేలెడంత బ్లేడులు. మంట వేడికి ఆ బ్లేడు లోహం కరిగిపోవాలి, న్యాయంగా. కరగకుండా ఉండాలంటే దాని కడుపులో గాలి పారే సన్నని దారులుండాలి, ఒంటినిండా వెంట్రుక మందం రంధ్రాలుండాలి. అన్నిటికీ మించి, బ్లేడు మొత్తం అతుకు లేని ఒకే స్ఫటికం కావాలి, పటికబెల్లం పలుకులాగా. అలా పోత పోయడమే ఆయన పని.

"పది పోస్తే ఒకటి నిలిచేది. ఆ రోజు మాకు పండగ," అన్నాడు. "మర్నాడు అదే మూస, అదే కొలిమి, అవే చేతులు. పదీ పోయేవి. ఎందుకు పోయాయో ఎవరికీ తెలిసేది కాదు. ఒక ఇంజిన్ చేసి ఎగరేయడం పెద్ద పని కాదు తమ్ముడూ. ఒకేలాంటివి వెయ్యి చేయాలి. చేసినవి ఏళ్ళ తరబడి రెక్క కింద వేలాడి, దింపకుండా పనిచేయాలి. మావి తొందరగా దింపాల్సి వచ్చేది." చివరికి ఒక పరీక్షలో బ్లేడు విరిగి, ఇంజిన్ మొత్తం నుజ్జయింది. తప్పు పోతదా, డిజైనుదా అన్న వాదన ఏడాది నడిచింది. విసిగిపోయి ఉద్యోగం వదిలేశాడు. పరదా బయట కుర్చీలో ఇదంతా చెప్పి, ఫ్లాస్కు మూత బిగించుకున్నాడు.

నేను ఆయన్ని తెలుగులోనే 'పెద్దాయనా' అని పిలిచేవాణ్ణి. అర్థం చెప్పించుకుని మరీ ఒప్పుకున్నాడు. సాయంత్రం షిఫ్టు దిగాక ఇద్దరం సముద్రం ఒడ్డున నడిచేవాళ్ళం. నా రూములో పప్పుచారు తిని ముక్కు చీదుకుంటూ ఇంకాస్త వడ్డించమనేవాడు. రాజమండ్రిలో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటున్న మా ఆవిడ ఫోనులో దెప్పేది: "ఏవండీ, ఆ చైనా ఆయనతో మాట్లాడే దాంట్లో సగం నాతో మాట్లాడండి చాలు." ఏం చెప్పను? ఆమెతో మాట్లాడితే ఫీజులూ గ్యాసు బండా గుర్తొస్తాయి, ఫోను పెట్టేశాక గది ఇంకా ఖాళీగా ఉంటుంది. ప్లాంటులో వందమంది ఉన్నారు. మాట్లాడే మనిషి ఆయనొక్కడే.

కిందటేడు ఓవర్‌హాలు మొదలైన వారంలోనే ఆయనకి కబురొచ్చింది. పాత సంస్థలో ఇప్పుడు పెద్ద పదవిలో ఉన్న శిష్యుడు పిలిచాడు, వచ్చి కుర్రాళ్ళకి పోత నేర్పమని. ఆయన వెంటనే వద్దన్నాడు. ఎందుకు వద్దన్నాడో నడకలో చెప్పాడు.

"కూతురు పుట్టినప్పుడు కొలిమి దగ్గర ఉన్నాను. దానికి మాటలు వచ్చినప్పుడూ అక్కడే. ఇక్కడికి వచ్చాకే అది నాతో రోజూ ఫోనులో మాట్లాడుతోంది, వేరే దేశంలో చదువుకుంటూ. అక్కడ అంతా దేశ రహస్యం. ఆ పనిలో మళ్ళీ చేరితే ఫోను గేటు దగ్గరే పెట్టి వెళ్ళాలి. నెలల తరబడి లోపలే. బయటి దేశాల స్నేహాలు అసలు ఉండకూడదు." నావైపు తిరిగి, "నువ్వూ ఉండవు," అన్నాడు.

"పోకండి మరి! ఇరవై ఏళ్ళు పోసింది చాలదా? ఆ కొలిమికి ఇంకా ఏం బాకీ ఉన్నారు మీరు?" అని గట్టిగానే అరిచాను. ఒడ్డున బార్బెక్యూ చేసుకుంటున్న సౌదీ కుటుంబం తిరిగి చూసింది. ఆయన మీద ప్రేమతో అరిచాను అనుకున్నాను గానీ, నిజానికి భయమేసింది. ఆయన పోతే నేను ఆ ఒడ్డున ఒక్కణ్ణే నడవాలి.

ఓవర్‌హాలు అయిపోయాక మా సౌదీ మేనేజరు కేకు కోయించాడు. మంచి మనిషి. టర్బైనులోంచి తీసేసిన, అరిగిపోయిన పాత బ్లేడుల్ని చెక్క పీటలకి బిగించి, మా టీములో అందరికీ తలా ఒకటి జ్ఞాపికగా ఇచ్చాడు. అందరం ఫొటోలు దిగాం. కాగితాలు ఎగరకుండా పెట్టుకోవచ్చులే అనుకుని నేను సంచిలో పడేసుకున్నాను. పెద్దాయన మాత్రం కేకు ముట్టలేదు. మూలకెళ్ళి నిలబడి, బ్లేడు అంచు మీద బొటనవేలు మెల్లగా నడిపిస్తున్నాడు.

ఆ సాయంత్రం నడకకి కూడా దాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చాడు. "ఇది ఎన్నేళ్ళు మంటలో ఉందో చూశావా? అరిగింది గానీ వంపు చెడలేదు," అన్నాడు.

"కోసి చూద్దామా? వర్క్‌షాపులో మనవాడే ఉన్నాడు," అన్నాను.

పకపకా నవ్వాడు. "ఇలాంటివి చాలా కోశాం తమ్ముడూ. కోస్తే లోపల ఏముందో కనబడుతుంది. ఎలా వచ్చిందో కనబడదు. ఇది రావడానికి ముందు వాళ్ళు ఎన్ని పారేశారో అసలే కనబడదు." నవ్వు ఆపి, తువ్వాలు మళ్ళీ చుట్టాడు. "మేం పారేసినవన్నీ నాకు గుర్తున్నాయి. ఏది ఎక్కడ పగిలింది, ఆ రోజు ఏం చేశాం, ఏం చేయకుండా ఉండాల్సింది. అది పుస్తకంలో రాసి పంపేది కాదు, కొలిమి పక్కన నిలబడి చూపించాల్సింది. నేను వెళ్ళి చెప్పకపోతే ఆ పిల్లలు అవే తప్పులు ఇంకో ఇరవై ఏళ్ళు చేస్తారు. వాళ్ళ పిల్లలకి కూడా మాటలు వచ్చేస్తాయి అప్పటికి."

వెళ్తున్నానని ఆయన వేరే చెప్పలేదు. తువ్వాలు మూట నా చేతిలో పెట్టాడు. దాన్ని పట్టుకుని తన దేశంలో దిగితే జవాబులు చెప్పుకోలేక చావాలన్నాడు.

సౌదీ పూర్తిగా వదిలి వెళ్ళే కాగితాల పని తొందరగానే అయిపోయింది. ప్లాంటు బస్సు నడిపే హైదరాబాద్ భాయ్ నన్ను ఆపి అడిగాడు: "మీ దోస్తుకి ఫైనల్ ఎగ్జిట్ పడ్డదంట గద సార్? యా అల్లా! ఇగ సాయంత్రం మీరొక్కరే తిరుగుతరా?" ఊరికే తలూపి బస్సెక్కాను. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక లేదు.

జెద్దా ఎయిర్‌పోర్టుకి కారు వచ్చిన మధ్యాహ్నం ఆయన గదికి వెళ్ళాను. రెండు పెట్టెలు, ఖాళీ మంచం. కూతురితో మాట్లాడారా అన్నాను. పొద్దున్నే మాట్లాడానని, అది ఏడవలేదని, 'సరే నాన్నా' అని పెట్టేసిందని చెప్పాడు. ఆ 'సరే' ఎలా అందో రెండుసార్లు చేసి చూపించాడు.

తరువాత ఫోను తీశాడు. రేపు అక్కడ దిగేసరికి నా నంబరు అందులో ఉండకూడదు. మా ఇద్దరి మాటలు, ఆయన మందారపువ్వులా ఎర్రబడ్డ ముక్కుతో పప్పుచారు తింటున్న ఫొటోలు, అన్నీ పోవాలి. నా పేరు తెరమీదికి తెచ్చాడు. వేలు ఆనించి వెనక్కి తీసుకున్నాడు. మళ్ళీ ఆనించాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"నావల్ల కావట్లేదు. నువ్వు చెయ్యి," అని ఫోను నాకిచ్చాడు.

నాకు చైనా అక్షరాలు రావు. ఎక్కడ నొక్కాలో చూపించాడు. నొక్కాను. ఇంకేదో గడి వచ్చింది, లోపల రెండు మాటలు, ఒకటి నలుపు, ఒకటి ఎరుపు.

"ఏమంటోంది?" అన్నాను.

"నిజంగానే తీసెయ్యమంటావా అని అడుగుతోంది," అన్నాడు, గోడవైపు తిరిగి.

ఎర్రగా ఉన్నదాన్ని నొక్కి, ఫోను ఆయన చొక్కా జేబులో నేనే పెట్టాను.